జపాన్ వారు ధ్రువీకరించిన పాట

సత్యవాణి గారు చక్కగా పాడతారన్న విషయాన్ని జపాన్ వారు గత నవంబరులో ధ్రువీకరించారు. అంతకుముందు పదకొండేళ్లుగా ఆ విషయం మా పరిశీలనలో ఉంది.

మేమంటే ఐర్లండులోని మెయ్‌నూత్ తెలుగు సాంస్కృతిక సమితి. నేను సంయుక్త కార్యదర్శిని. నూట నలభై కుటుంబాలకు ముప్ఫై ఒక్కమంది కార్యవర్గం ఉంది. పదవి దక్కనివాళ్లు అలిగితే వాట్సాప్ గ్రూపులో అడ్మిన్ హోదా ఇచ్చి ఊరడించాం.

సత్యవాణి గారు పగలు ఒక మందుల కంపెనీలో పనిచేస్తారు, సాయంత్రం తంబూరా యాప్ పెట్టుకుని సాధన చేస్తారు. ఆవిడకి ఉన్నది ఒకటే కోరిక. గంటన్నరసేపు, మధ్యలో ఎవరూ మైకు లాక్కోకుండా, మనవాళ్ల ముందు కచేరీ చేయాలి. ఏటా దరఖాస్తు పెట్టేవారు. మేమూ ఏటా సానుకూలంగా స్పందించి, ప్రార్థనా గీతం ఇచ్చేవాళ్లం.

ప్రార్థనా గీతం సంగతి మీకు చెప్పాలా? జనం కుర్చీలు వెతుక్కుంటూ, పిల్లలకి సాక్సులు తొడుగుతూ, 'ఎప్పుడొచ్చారు, అద్దె ఎంత?' అని పలకరించుకుంటూ ఉండగా వేదిక మీద దానంతటది జరిగిపోయే కార్యక్రమం. మూడేళ్ల కిందటి ఉగాదికి ఆవిడ పాడుతుండగా నేనే రెండుసార్లు మైకు అందుకుని, తెల్ల కారు ఎవరిదో అడ్డం తీయండి, బయట పోలీసులు టికెట్ రాస్తున్నారు అని ప్రకటించాను. రెండుసార్లూ ఆవిడ ఆగి, నేను ముగించాక ఆపిన అక్షరం దగ్గరే అందుకున్నారు. ఎంత ప్రతిభ అని అప్పుడే అనుకున్నాను. కారు కూడా తీశారు.

ఆ రోజు పాట విన్న మనిషి హాలు మొత్తానికి ఒక్కడే. పేరు కెంజి, జపాను విద్యార్థి. పులిహోర ఉంటుందని రూమ్మేట్ రోహిత్ చెబితే వచ్చాడు. మన పద్ధతులు తెలియవు కదా పాపం, ఎవరో పాడుతున్నారని నోరు మూసుకుని కూర్చున్నాడు. చదువయ్యాక టోక్యోలో ఒక ప్రకటనల కంపెనీలో చేరి, ఆవిడకి ఉత్తరం రాసి, అనుమతి తీసుకుని, డబ్లిన్ స్టూడియోలో పాడించి, అందులోంచి పదిహేను సెకన్ల ముక్కని సెల్‌ఫోన్ ప్రకటనలో పెట్టించాడు.

ప్రకటనలో ఒక ముసలాయన నూడుల్స్ తింటుంటాడు. ఫోను జారి గిన్నెలో పడుతుంది. వెనక సత్యవాణి గారు మోహన రాగంలో, ఈ సంసార సాగరం నుంచి నన్ను గట్టెక్కించవయ్యా అని రాముణ్ణి వేడుకుంటారు. ఆయన పుల్లలతో ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకుంటే, అవతల మనవరాలు మాట్లాడుతుంది. ఇందులో భక్తి ఉంది, సాంకేతికత ఉంది, భోజనం ఉంది.

సమాచారం అందగానే సమితి అత్యవసరంగా సమావేశమైంది. అధ్యక్షులు బుచ్చిబాబు గారు కళ్లు తుడుచుకున్నారు. "అబ్బబ్బా, మన సత్యవాణి గారండీ! నేను ఫస్ట్ నుంచీ చెప్తానే ఉన్నాను, ఆవిడ టాలెంట్ వేరే లెవెలని. జపానోళ్లు ఊరికే తీసుకుంటారేంటండీ? క్వాలిటీ చెక్ చేస్తారు వాళ్లు!" అన్నారు. ఆయన చెప్తానే ఉన్నట్టు మినిట్స్‌లో పాత తేదీలతో నమోదు చేశాను.

ఆ తర్వాత ఐర్లండులో ప్రతి తెలుగువాడూ ఆ ముక్కని రింగ్‌టోనుగా పెట్టుకున్నాడు. ఉద్యోగస్తులం కాబట్టి ఫోన్లు సైలెంటులోనే ఉంటాయి, అది వేరే విషయం. ప్రకటనని నేనొక్కణ్ణే పదిహేడు గ్రూపులకి పంపాను. మీటింగులో ఉండటం వల్ల శబ్దం పెట్టుకోవడం కుదరలేదు. కృష్ణప్రసాద్ గారింట్లో పుట్టినరోజునాడు ఫోనుని సాంబారు గిన్నెలో వేశారు. అది వేరే కంపెనీ ఫోను కావడంతో ఆశించిన ఫలితం రాలేదు.

సత్యవాణి గారి దగ్గర ఇద్దరు పిల్లలు నేర్చుకునేవాళ్లు. వారంలో నలభై ముగ్గురయ్యారు. "మా సుధేష్ణకి ఆ పదిహేను సెకన్లు వచ్చేస్తే చాలు ఆంటీ. ముందుదీ వెనకదీ నేర్పి దాన్ని స్ట్రెస్ చెయ్యకండి, ప్లీజ్" అని మైథిలి బతిమాలింది. ఆంటీ సరళీ స్వరాలతో మొదలుపెట్టారు. "మామ్, ఇట్స్ నాట్ ది ఫోన్ వన్ ఎట్ ఆల్!" అని సుధేష్ణ మొదటి రోజే కనిపెట్టేసింది. రెండో వారానికి మళ్లీ ఇద్దరే మిగిలారు.

చివరికి సమితి కచేరీ మంజూరు చేసింది. "నిజంగా గంటన్నర ఇస్తారా? మైకు తీసుకోరుగా?" అని ఆవిడ నన్ను రెండుసార్లు అడిగారు. రాతపూర్వకంగా హామీ ఇచ్చాను. ఒకే షరతు పెట్టాను: జపాన్ పాట చిట్టచివర పాడాలి. ముందే పాడేస్తే జనం బిర్యానీకి లేచిపోతారు.

లెటర్‌కెన్నీ, కార్లో లాంటి దూరపు ఊళ్ల నుంచి కూడా వచ్చారు. హాల్లో రెండువందల అరవైమంది. ఆవిడ వర్ణం అందుకోగానే రెండువందల అరవై ఫోన్లు పైకి లేచాయి. ఆ ముక్క ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు కనుక ఎవరూ కదలడానికి లేదు, మాట్లాడితే రికార్డు పాడవుతుంది. చేతులు నొప్పిపుడితే భార్యాభర్తలు వంతులేసుకున్నారు. బిర్యానీ వాసన హాలంతా కమ్మేసింది. అయినా ఒక్క కుర్చీ కిర్రుమనలేదు. తెలుగు సభలో అంత నిశ్శబ్దం నా జన్మలో చూడలేదు.

నాలుగో కీర్తన మధ్యలో ఆవిడ కళ్లు తెరిచి హాలుని చూశారు. అందరూ ఊపిరి బిగబట్టి తనవైపే చూస్తున్నారు. ఆవిడకి కన్నీళ్లు జలజలా రాలాయి. అక్కణ్ణుంచి పాట ఇంకా బాగుందని నాకు కూడా తెలిసింది.

గంటా ఇరవై నిమిషాలకి తోడి రాగంలో ఏదో నెమ్మదిగా ఎత్తుకున్నారు. మూడో వరసలోంచి రఘువీర్ గారు "ఒరేయ్, ఇదేరా! ఇదే!" అని అరిచారు. అంతే, హాలు లేచి నిలబడింది. ఈలలు, చప్పట్లు. కొందరు ఏడ్చారు, నేనూ ఏడ్చాను. బుచ్చిబాబు గారు పరుగున వెళ్లి, ఆవిడ చరణంలో ఉండగానే శాలువా కప్పేశారు. "జపాన్ గుర్తించిన తెలుగు గొంతుని ఈ రోజు మనం గుర్తించామండీ!" అన్నారు. ఆ తర్వాత అందరం బిర్యానీకి వెళ్లాం.

ఆవిడని ఇంటి దగ్గర దింపింది నేనే.

"నేను ఆ పాట పాడలేదండీ" అన్నారు కారులో.

"ఏ పాట?"

"జపాన్ పాట. మీరు చివర పాడమన్నారుగా. దాని వంతు రాకముందే శాలువా కప్పేశారు. ఒక్కరైనా ఇది కాదంటారేమోనని అక్కడే నిలబడి చూశానండీ." కిటికీ వైపు తిరిగారు. "అంత నిశ్శబ్దంగా కూర్చుంటే వింటున్నారనుకున్నాను. ఎంత సంతోషపడ్డానో మీకు చెప్పలేను."

నాకు సిగ్గేసింది. అయితే కార్యదర్శికి బాధ్యతలుంటాయి. మర్నాడే విషయాన్ని సమితి ముందు పెట్టాను. ఒకపక్క ఒక్కావిడ మాట, ఇంకోపక్క రెండువందల అరవైమంది కన్నీళ్లు. ఆ రోజు పాడింది జపాన్ పాటేనని ఏకగ్రీవంగా తీర్మానించాం. ప్రకటనలో పొరపాటున వేరే పాట వస్తున్నట్టు తెలిసిందనీ, వెంటనే సరిచేయవలసిందనీ టోక్యో కంపెనీకి లేఖ కూడా పంపాం.

కచేరీ వీడియో యూట్యూబులో పెట్టాం. నలభైవేలమంది చూశారు. గంటన్నర వీడియోని సగటున పదకొండు సెకన్లు చూసినట్టు లెక్క వచ్చింది. కింద వ్యాఖ్యల్లో మీ పేరు కూడా ఉంది. 'ఒళ్లు పులకరించింది, ప్రతి స్వరమూ అమృతం' అని రాశారు. సమితి తరఫున మీకు కృతజ్ఞతలు.