మంత్రిగారి నోట అత్తగారి మాట

ఆ ఉదయం పేపర్లో ఒక్క వార్త చూసి వీధి కేబుల్ ఆపరేటర్ కాఫీ సగంలో వదిలేసి లేచాడు. ప్రసారాలు, కేబుల్, టెలిఫోన్ల మీద ఆంక్షలన్నీ ఎత్తేస్తారట. కేబుల్ వాళ్లు ఫోన్లు ఇవ్వచ్చు, ఫోన్ల వాళ్లు కేబుల్ ఇవ్వచ్చు. ఇది ఇంకా ప్రతిపాదనేనని చివర్లో రాసే ఉంది. చివరిదాకా చదివే ఓపిక అతనికి పుట్టుకతోనే లేదు.

"ఫోన్ కంపెనీ మన వీధిలో అడుగుపెట్టేలోగా మన తీగలోనే ఫోన్లు నడపాలి. లేదంటే మూడొందల ఇళ్లూ చేజారిపోతాయి," అన్నాడు భార్యతో.

"మొన్న మిక్సీ బాగుచేస్తానని ఇంటి ఫ్యూజులన్నీ ఎగరగొట్టారు."

ఆ మాట అతని చెవికెక్కలేదు. ముందుగదిలోని ప్రసార యంత్రానికి ఇంటి ఫోన్ తీగ కలిపి, పైన లైను చూసుకుందామని డాబా ఎక్కాడు. సరిగ్గా అప్పుడే ఇంట్లోనే ఉండే అత్తగారు రోజూలాగే తన చెల్లెలికి ఫోన్ చేశారు.

వీధిలోని టీవీలన్నింటిలో వార్తలు వస్తున్నాయి. కొత్త బిల్లు గురించి వివరించడానికి మంత్రిగారు నోరు తెరిచారు. వచ్చింది అత్తగారి గొంతు.

"మా దర్జీ ఉన్నాడు చూడు, వాడు కుట్టిన జాకెట్లో నాతోపాటు నువ్వూ పడతావే!" అన్నారు మంత్రిగారు, వేలు చూపించి మరీ. "ఇక హెడ్మాస్టరుది జుట్టనుకున్నావా? విగ్గు! మొన్న గాలికి మా పెరట్లో పడితే పిల్లిపిల్లనుకుని పాలు పెట్టాను."

భార్య డాబా మెట్ల దగ్గరికి పరుగెత్తింది. "ఏవండీ! మా అమ్మ మంత్రిలోంచి మాట్లాడుతోంది!"

అతను పడుతూ లేస్తూ దిగొచ్చి, చేతికందిన తీగలన్నీ పీకేశాడు. "అసలు సంగతి ఇప్పుడు చెప్తా విను, మా పక్కింట్లో..." అని మంత్రిగారు అంటుండగానే టీవీలన్నీ నల్లబడ్డాయి.

ఐదు నిమిషాల్లో వీధి వీధంతా గుమ్మం ముందుంది. ముందు దర్జీ, చేతిలో కత్తెర. వెనకే హెడ్మాస్టరు, నెత్తిన గట్టిగా అదిమిపెట్టిన చెయ్యి.

"తప్పయిపోయింది, ఇంకెప్పుడూ జరగదు," అన్నాడు ఆపరేటర్ చేతులు జోడించి.

"జరగకపోతే ఎలా?" దర్జీ మండిపడ్డాడు. "నా పరువు మొత్తం తీయనిచ్చి, పక్కింటి దాకా వచ్చేసరికి ఆపేస్తారా? ఇదెక్కడి న్యాయం?"

"అంతేగా! నా విగ్గొక్కటే బయటపడి, మిగతావాళ్లు దొరల్లా తిరిగితే నేనొప్పుకోను," అన్నాడు హెడ్మాస్టరు.

సిగ్గుతో గదిలో దాక్కున్నారనుకున్న అత్తగారు తల దువ్వుకుని మరీ బయటికొచ్చారు. "గొంతు బాగా వినిపించిందా, నాయనా?"

మర్నాడు పదింటికి ఆవిడ టీవీల్లోంచి నేరుగా వీధినుద్దేశించే మాట్లాడారు. మొదటి రోజు కబుర్లకి అల్లుణ్ణి ఎంచుకున్నారు.