రెండు డబ్బాల అసూయదారు

జిల్లేళ్ళవాగు రెండోసారి ఊళ్ళోకొచ్చి పోయిన ఏడు, నూనెమిల్లు పేటలో ఏసీల బయటి డబ్బాలు గోడకి కొట్టిన బోల్టుల మీద నిలవడం మానేసి, ఎదురింటివాళ్ళ అసూయ మీద నిలవడం మొదలుపెట్టాయి.

వాగు నీళ్ళు తీశాక ఇటుకలు నాని మెత్తబడిపోయాయి. ఎంత లావు బోల్టు దించినా వారం తిరక్కుండా ఊడొచ్చేది. ఖాళీ స్థలాలకి ఎదురుగా ఉన్న మేడల డబ్బాలన్నీ రాలిపోయాయి. రేకుల ఇళ్ళకి ఎదురుగా ఉన్నవి ఒక్కటీ రాలలేదు. మునిసిపాలిటీవాళ్ళు మూడు నెలలు పరిశీలించి, కారణం తెలుసుకుని, ఉత్తరువు వేశారు. డబ్బా బరువు ఎంతో దానికి ఒకటిన్నర రెట్లు అసూయ ఉండాలి. ఆ అసూయ పడే మనిషి పేరు, వయసు, ఇంటి నెంబరు దరఖాస్తులో రాయాలి. అతన్ని అసూయదారు అంటారు. డబ్బా వెనక జానెడున్నర ఖాళీ ఉండాలి, ముందు వైపు గాలికి అడ్డం ఉండకూడదు అనే పాత నిబంధనలు అట్లాగే ఉంచారు. మేడలకి దిష్టి గుమ్మడికాయలు కట్టుకున్నవాళ్ళకి మాత్రం నోటీసులు వచ్చాయి. పడాల్సిన చూపుని పడనీయడం లేదని అందులో రాశారు.

పున్నయ్యని ఎదురింటి శరభయ్య ఏసీకి అసూయదారుగా వేశారు. ఒకప్పుడు ఇద్దరూ పత్తి మిల్లులో ఒకే బేలుని చెరోవైపు పట్టి మోసినవాళ్ళు. శరభయ్య మధ్యలో మానేసి పురుగుమందుల కొట్టు పెట్టి, రెండంతస్తులు లేపాడు. పున్నయ్య మిల్లులోనే ఉండిపోయి, కాటా దగ్గర బరువులు చూసే పనికి ఎదిగి, అక్కడే ముసలివాడయ్యాడు. ఆయనది రేకుల ఇల్లు. రెండిళ్ళ మధ్య పన్నెండడుగుల సందు. శరభయ్య డబ్బా వదిలే వేడిగాలి తిన్నగా పున్నయ్య అరుగు మీదికే వచ్చేది.

అసూయ తూచడానికి మునిసిపాలిటీ నుంచి ఇంజనీరు ఫిలోమినా మేడం వచ్చింది. పాత సామాన్లవాళ్ళ దగ్గరుండే కొక్కెం కాటానే తెచ్చింది. కొక్కేన్ని పున్నయ్య చొక్కా రెండో గుండీకి తగిలించి, "డబ్బా వంక చూడండి పెద్దాయనా" అంది. పున్నయ్య చూశాడు. ముల్లు నలభై దాటి ఆగింది. డబ్బా బరువు నలభై రెండు కిలోలు. అరవై మూడు కావాలి.

"ఇంకేమన్నా గుర్తు తెచ్చుకోండి" అంది మేడం.

పక్కనే నిలబడ్డ శరభయ్య సాయం చేద్దామని, "మే నెల్లో గూడా రగ్గు కప్పుకుని పడుకుంటన్నాం రా పున్నిగా" అన్నాడు.

ముల్లు తొంభై ఒకటికి ఎగిరి ఆగింది. మేడం "చాలు, చాలు" అంటూ కొక్కెం తీసి రాసుకుంది. గుండీ తెగిపోయింది. అది కాగితంలోకి ఎక్కలేదు.

అప్పట్నుంచి పున్నయ్యకి మునిసిపాలిటీ గుర్తింపు కార్డు ఉంది. ఆయన ప్రత్యేకంగా చెయ్యాల్సింది ఏమీ లేదు. ఆరు నెలలకోసారి తనిఖీ జరిగేది. అన్నం తినేటప్పుడు, మాగన్నుగా కునుకు పట్టినప్పుడు కూడా ముల్లు డెబ్భై కిందికి దిగలేదని తేలింది. శరభయ్య తన వంతు తను చేసేవాడు. పొద్దున్నే మెట్లు దిగొచ్చి, "ఏం చలి రా బాబూ, ముక్కు దిబ్బడేసింది" అనో, "తెల్లారగట్ట లేచి ఆపేశాం రా, వణుకు పుట్టి" అనో చెప్పి కొట్టుకి పోయేవాడు. ఏడాదికి రెండుసార్లు డబ్బాలో గ్యాసు చూపించుకున్నట్టే ఇదీను. పున్నయ్య "ఊఁ" అనేవాడు. కోపగించుకునే ప్రశ్నే లేదు. డబ్బా పడితే కింద జనం నడిచే సందు.

మూడో ఎండాకాలంలో పున్నయ్య భార్య సామ్రాజ్యానికి వడదెబ్బ కొట్టింది. ఇరవై రోజులు తిరక్కుండా రెండోసారి కొట్టింది. డాక్టరు సెలైను పెట్టి, "ఆ రేకుల కింద ఇంకోసారి కొడితే నా చేతుల్లో ఉండదు. చల్లటి గదిలో పెట్టుకో" అన్నాడు.

ఈ సంగతి తెలిసి శరభయ్య స్వయంగా వచ్చాడు. "చెల్లెమ్మని మధ్యాహ్నాలు మా హాల్లో పడుకోమను రా. నాలుగింటికి పంపించేద్దాం."

లోపల్నుంచి సామ్రాజ్యం అంది: "ఆ ఇంట్లో చల్లగా పడుకునేదానికంటే ఈ ఇంట్లో ఎండకి పోవడం మర్యాదగా ఉంటది. చెప్పండి ఆయనకి."

పున్నయ్య ఏసీకి దరఖాస్తు పెట్టాడు. ఏసీలు బిగించే సైదులు పాతదే కానీ గట్టిది ఒకటి చూశాడు. బయటి డబ్బా ముప్పై కిలోలు. అసూయ నలభై అయిదు కావాలి. దరఖాస్తు మొత్తం నిండింది. అసూయదారు పేరు దగ్గర మాత్రం ఏం రాయాలో పున్నయ్యకి తోచలేదు. తనని చూసి అసూయపడే మనిషి ఒక్కడు కావాలి. నాలుగు రోజులు ఆలోచించాడు. ఊరంతా తిరిగొచ్చాడు. ఆయనకంటే పై వాళ్ళు ఆయన్ని చూడరు. కింది వాళ్ళు పక్కవాడి వంక చూస్తున్నారు.

ఆఖరికి సామ్రాజ్యం తమ్ముడు అంకమ్మరావుని పిలిపించారు. పెళ్ళిలో పున్నయ్యకి పెట్టిన వాచీ చూసి రెండు రోజులు అన్నం మానేసిన మనిషి అతను. కొక్కెం తగిలించి, పున్నయ్యని ఎదురుగా నిలబెట్టారు. ముల్లు కదలలేదు.

"గట్టిగా పడరా" అంది సామ్రాజ్యం.

"పడతన్నా అక్కా. బావని చూస్తే జాలేస్తంది, నేనేం జెయ్యను?"

"వాచీ గుర్తు తెచ్చుకో."

అంకమ్మరావు కళ్ళు మూసుకుని, పళ్ళు బిగబట్టాడు. ముల్లు రెండు కిలోలు చూపించింది. కళ్ళు తెరిచి బావని చూడగానే సున్నాకి వచ్చింది. "ఏమనుకోబాక బావా" అని, కాఫీ తాగి బస్సెక్కాడు. కిరాయికి అసూయపడేవాళ్ళు బస్టాండు దగ్గర దొరుకుతారు కానీ, వాళ్ళది నాలుగు కిలోలు దాటదు. పైగా మునిసిపాలిటీ ఒప్పుకోదు.

శరభయ్య రెండోసారి వచ్చాడు. ఈసారి అరుగు మీద కూర్చున్నాడు. పదేళ్ళలో ఆ అరుగు మీద కూర్చోవడం అదే మొదలు.

"ఒరే పున్నిగా, నువ్వు చల్లబడితే నా డబ్బా ఏంగావాలి?"

"మా ఆడమనిషికి వడదెబ్బ."

"కాదన్లా. కానీ కార్డు తీసుకున్నావా లేదా? ముందు నువ్వు నా అసూయదారువి, ఆ తర్వాతే చెల్లెమ్మకి మొగుడివి. ఇన్నేళ్ళూ ఎప్పుడన్నా నీకు అసూయ తక్కువ జేశానా? జొరంగా ఉన్నా దిగొచ్చి చెప్పిపోయా."

అది నిజమే.

ఫిలోమినా మేడం నిబంధనల పుస్తకం చూసి తీర్పు చెప్పింది. అసూయదారు మధ్యలో మానుకోవడానికి లేదు. అలాగని ఏసీ పెట్టుకోకూడదనీ లేదు. అసూయ ఎవరిది అన్నది ముఖ్యం కాదు, సొంతదైనా సరే, బరువు సరిపోవాలి. పున్నయ్య కాగితం లేకుండానే కూడుకున్నాడు. అరవై మూడూ నలభై అయిదూ నూట ఎనిమిది. తన జీవితంలో ఎక్కువలో ఎక్కువ తొంభై ఒకటి. "బిగించి చూద్దాం. సరిపోకపోతే దింపేస్తారు" అంది మేడం.

బుధవారం మధ్యాహ్నం బిగించారు. సైదులు పనిమంతుడు. నడుముకి తాడు కట్టుకుని నిచ్చెనెక్కాడు. ఇనప స్టాండుకి రసమట్టం పెట్టి చూశాడు. డబ్బా నాలుగు కాళ్ళ కింద రబ్బరు బిళ్ళలు వేశాడు. వెనక జానెడున్నర వదిలాడు. రాగి గొట్టం ఎక్కడా నొక్కుకోకుండా వంచాడు. మేడం సంతకం పెట్టేదాకా డబ్బా పడకుండా దూలానికి వేరే మోకు వేసి కట్టాడు. తర్వాత స్విచ్చి వేశారు.

లోపల సామ్రాజ్యం మంచం మీద పడుకుని ఉంది. పున్నయ్య మంచం పట్టె మీద కూర్చున్నాడు. మూడు నిమిషాలకి గది చల్లబడింది. ఆయన చెయ్యి చాపి గాలి పట్టి చూసి, "బాగానే ఉంది" అన్నాడు. బయట ఇనుము కిర్రుమంది. మోకు బిగుసుకుంది.

"బాబాయ్, నువ్వు బయటికి రా! లోపలుంటే ఎట్టా?" అని నిచ్చెన మీద నుంచి సైదులు అరిచాడు.

పున్నయ్య బయటికొచ్చి తలుపు దగ్గరికేశాడు. ఎండ నెత్తిన పడింది. మేడం ఆయన చొక్కాకి కొక్కెం తగిలించి, కిటికీ అద్దంలోంచి చూడమంది. చూశాడు. సామ్రాజ్యానికి నుదుటి మీద చెమట ఆరిపోయింది. అప్పుడే నిద్ర పట్టేసింది. ఎగశ్వాస లేదు. రొమ్ము నిదానంగా లేచి దిగుతోంది. ఆయన మొహం మెత్తబడింది.

ముల్లు జారిపోయింది. స్టాండు బెత్తెడు కిందికి వాలింది.

ఎదురు మేడ మీద నుంచి శరభయ్య కేక వేశాడు. "ఒరే పున్నిగా! నాది వంగుతంది రా! ఏం జేస్తన్నావు రా?"

"పెద్దాయనా, సంతోషపడకండి!" అంది మేడం. "నిబంధనలు ఒప్పుకోవు."

పున్నయ్య గబగబా శరభయ్య రగ్గుని తలుచుకున్నాడు. ముల్లు అరవైకి లేచింది. మిల్లు తలుచుకున్నాడు, బేలు తలుచుకున్నాడు, పురుగుమందుల కొట్టు ప్రారంభానికి తనని పిలవకపోవడం తలుచుకున్నాడు. డెబ్భై ఎనిమిది. శరభయ్య డబ్బా నిలబడింది. ఆయన సొంతది ఇంకా మోకు మీదే వేలాడుతోంది.

"ఇంకో ముప్పై కావాల" అన్నాడు సైదులు. "లేకపోతే దింపుకుపోతా బాబాయ్. పిన్నిని లేపాల్సొస్తది."

పున్నయ్య మళ్ళీ అద్దంలోంచి చూశాడు. నలభై రెండేళ్ళ కాపురం. ఎండాకాలం వస్తే ఆమె ముందు ఆయనకి విసిరి, ఆయనకి నిద్ర పట్టాకే తను విసురుకునేది. ఆ తాటాకు విసనకర్ర ఇప్పుడు మంచం కింద పడి ఉంది. ఆయన లేచి బయటికి పోయినప్పుడు ఆమె ఎక్కడికని అడగలేదు. వచ్చాడో లేదో చూడలేదు. చెమట కారుతూ ఆయన చూస్తుండగానే, సామ్రాజ్యం నిద్రలో ఒత్తిగిలి, మంచం మధ్యకి జరిగి, చేతులు బారజాపుకుని పడుకుంది. రెండో మనిషికి చోటు లేదు.

ముల్లు కదిలింది. తొంభై దాటింది. నూరు దగ్గర ఒక్క క్షణం ఆలోచించి, నూట పన్నెండు దగ్గర నిలిచింది. స్టాండు తనంతట తను పైకి లేచి గోడకి అతుక్కుంది. సైదులు మోకు విప్పేశాడు. డబ్బా తొణకలేదు.

"హమ్మయ్య! శరభయ్యగారూ, మీది గూడా సర్దుకుంది" అని సైదులు కేకేశాడు.

మేడం ఫారం తీసి రాసింది. యజమాని, పున్నయ్య. అసూయదారు, పున్నయ్య. పున్నయ్య అది చూసి, తప్పు పడిందేమో అన్నట్టు వేలు పెట్టి చూపించాడు.

"తప్పు కాదు. దీనికి కొత్తగా గడి వేయించాం. మీ పేటలో మీరు పద్నాలుగోవారు" అంది మేడం. పున్నయ్య మూడో తరగతి దాకా చదివాడు కాబట్టి వేలిముద్ర అక్కర్లేకుండా సంతకం పెట్టాడు.

సాయంత్రం సామ్రాజ్యం లేచింది. మొహం తేటగా ఉంది. తలుపు తీసి, "అన్నం తిందురు, లోపలికి రండి" అంది.

"నేను రాకూడదు."

ఎందుకో చెప్పాడు. ఆమె ఒక కాలు గడప ఇవతల పెట్టింది. "అయితే నేనే బయట పడుకుంటా. మీరు లోపలికి పొండి."

"డాక్టరు ఏమన్నాడు?"

"పోనీ ఇద్దరం బయటే ఉందాం."

"అప్పుడు ఎవర్ని చూసి అసూయపడను?"

సామ్రాజ్యం కంచంలో అన్నం, గోంగూర పచ్చడి పెట్టి గడప అవతల్నుంచి అందించింది. ఆమె చెయ్యి చల్లగా తగిలింది. పచ్చడిలో ఉప్పు సరిపోయిందా అని ఆమె అడిగింది. సరిపోయింది కానీ పున్నయ్య చెప్పలేదు. మధ్యాహ్నం కష్టపడి తెచ్చుకోవాల్సి వచ్చిన అసూయ ఇప్పుడు అడక్కుండానే వస్తోంది. కొక్కెం లేకపోయినా ఎన్ని కిలోలో ఆయనకి తెలుస్తూనే ఉంది. కాటా దగ్గర ముప్పై ఏళ్ళు చేసిన మనిషి.

మర్నాడు పొద్దున్నే పున్నయ్య నులక మంచాన్ని సందు మధ్యకి ఈడ్చుకుని, రెండు డబ్బాలూ ఒకేసారి కనపడేట్టు అడ్డంగా వేసుకుని కూర్చున్నాడు. సందు పొడుగునా అక్కడొకరూ ఇక్కడొకరూ పెద్దమనుషులు తమ ఇళ్ళకి ఎదురుగా కుర్చీలు వేసుకుని, తమ కిటికీల వంకే చూస్తూ కూర్చుని ఉన్నారు. ఒకాయన తలూపాడు. పున్నయ్య కూడా తలూపాడు.

ఏడున్నరకి తలుపు తెరుచుకుంది. సామ్రాజ్యం జుట్టు ముడేసుకుంటూ గడప దాకా వచ్చి, ఏదో అనబోయి, నోరు తెరిచి నిలబడింది. లోపలి గాలి మెట్టు దిగి పున్నయ్య పాదాలకి తగిలింది. ఆయన కాళ్ళు మంచం మీదికి లాక్కున్నాడు.

"తలుపెయ్యి, చల్లదనం పోతంది" అన్నాడు.

ఆమె వేసుకుంది.