కుడికాలు ముందున్న ఫొటో

డిసెంబర్ మొదటి శనివారం తెల్లవారకముందే కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జోసఫ్ ఇంట్లో లైట్లన్నీ వెలిగాయి. ఆ రోజు పథకం చాలా తేలికైనది. తాహో కొండల దాకా కార్లో వెళ్లాలి, కూతురు షారన్ స్నోబోర్డు మీద మంచు వాలులో దిగుతుంటే ఒక్క మంచి ఫొటో తీయాలి, తిరిగి రావాలి. ఇంత తేలికైన పథకాన్ని పాడుచేయాలంటే మనిషికి కాస్త తెలివితేటలుండాలి. అవి జోసఫ్‌కు కావలసినన్ని ఉన్నాయి.

షారన్‌కు పదహారేళ్లు. మూడు చలికాలాలుగా ప్రతి శనివారం తల్లి దేవకుమారి ఆ పిల్లను కొండ మీద క్లాసుకు తీసుకువెళ్తోంది. శనివారాలు జోసఫ్‌కు సపోర్ట్ డ్యూటీ. ఎక్కడో ఏ సర్వరో మూలిగితే ఇంట్లో కూర్చుని దాన్ని ఊరడించాలి. అందుకని కూతురు బోర్డెక్కడం అతను ఒక్కసారి కూడా కళ్లారా చూడలేదు. చూడకపోయినా గర్వానికేమీ లోటు లేదు. "మా అమ్మాయి కార్వింగ్ చేస్తుందండీ" అని ఆఫీసులో, చర్చిలో, కూరగాయల కొట్లో కనబడ్డవాళ్లందరికీ చెప్పేవాడు. కార్వింగ్ అంటే ఏమిటని వాళ్లు అడగకపోయినా అదీ చెప్పేవాడు. బోర్డును పక్కకు వాల్చి, దాని అంచుతో మంచును కోసుకుంటూ వంపులు తిరగాలట. వెనక కత్తితో గీసినట్టు సన్నటి గీత పడాలట. మంచును గీక్కుంటూ దిగితే అది ఉత్త జారడమేనట.

ఈసారి మాత్రం ఎలాగైనా చూడాలని సెలవు పెట్టాడు. పొడవాటి లెన్సు ఒకటి కొన్నాడు. మంచును ఫొటో తీయడం గురించి దొరికిన వీడియోలన్నీ చూశాడు. కెమెరాను దాని మానాన దాన్ని వదిలేస్తే తెల్లటి మంచు బూడిద రంగులో పడుతుందనీ, చలికి బ్యాటరీ చచ్చిపోతుంది కాబట్టి రెండోదాన్ని లోపలి జేబులో వెచ్చగా పెట్టుకోవాలనీ, సూర్యుడు ఎప్పుడూ మన వీపు వెనకే ఉండాలనీ నేర్చుకున్నాడు. ఈ మూడో సంగతి నేర్చుకోకుండా ఉంటే ఈ కథ లేదు.

కొండదారి అలవాటున్న మనిషి కాబట్టి దేవకుమారే డ్రైవ్ చేసింది. జోసఫ్ కెమెరా బ్యాగును పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. వెనక సీట్లోంచి షారన్ చెప్పింది.

"డాడీ, లాడ్జి పక్కన స్లోప్ ఉంటుంది. కింద ఆరెంజ్ ఫెన్స్. నువ్వు అక్కడే స్టాండ్ చెయ్. నేను అక్కడికే కార్వ్ చేస్తూ వస్తా. ప్రామిస్?"

"ప్రామిస్ తల్లీ. దీనికోసమేగా మూడేళ్లుగా చూస్తున్నా."

"మూవ్ అవ్వొద్దు."

"ఎక్కడికి మూవ్ అవుతానే? ఆ మంచులో నాకు నడవడమే రాదు."

"మీ ఫొటోలేవో మీరూ మీరూ తీసుకోండి" అంది దేవకుమారి, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "నాకసలే మోకాళ్ల నొప్పులు. నేను లాడ్జిలో కూర్చుని బిర్యానీ చూసుకుంటా." బిర్యానీ లేచి పారిపోతుందా అని అడగాలని జోసఫ్‌కు తట్టలేదు.

కొండ మీదికి వెళ్లింది వీళ్లు ముగ్గురే కాదు, తెలుగు చర్చి మొత్తం వచ్చింది. ఏటా ఒకసారి జరిగే స్నో ట్రిప్ అది. ఇక్కడ పసుపు కోట్ల సంగతి చెప్పాలి. థాంక్స్‌గివింగ్ సేల్‌లో దేవకుమారికి ఒకచోట మంచి స్నో కోటు సగం ధరకు కనబడింది. డీల్ కనబడ్డాక దాచుకోవడం మనవాళ్లలో పాపం కిందే లెక్క. వెంటనే చర్చి గ్రూపులో పెట్టింది. సాయంత్రానికి సంఘమంతా కొనేసింది. మిగిలిన సైజులన్నీ ఒకటే రంగు, పసుపు. పాస్టర్ షాలేం రాజు గారు మొదలుకొని చంటిపిల్లల దాకా అవే కోట్లు తొడుక్కుని పార్కింగ్‌లో దిగేసరికి మంచు మీద ఎవరో పసుపు కొమ్ములు ఎండబోసినట్టయింది.

"వందనాలు బ్రదర్!" అన్నారు పాస్టర్ గారు, జోసఫ్ లెన్సు పొడవు చూసి రెండడుగులు వెనక్కి వేస్తూ. "ఈ ఏడు న్యూ ఇయర్ కాలెండర్ మీద నా మొహం వద్దని కమిటీ వాళ్లు తీర్మానించారు. యూత్ ఫొటో కావాలట. మంచిదొకటి పడితే పంపండి. విజయవాడ ప్రెస్సాయన ప్రాణం తోడేస్తున్నాడు."

ఏటా ఆ కాలెండర్‌కు ఫొటో తీసే మోహన్ పక్కనే ఉన్నాడు. "చూద్దాం, బ్రదర్‌కి ఏం పడుతుందో" అని నవ్వాడు. ఆ నవ్వు జోసఫ్‌కు అరికాల్లోంచి నడినెత్తికెక్కింది.

ఫెన్స్ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. ఎండ సూటిగా కళ్లలో కొడుతోంది. ఒకటి రెండు ఫొటోలు తీసి చూసుకుంటే అంతా చీకటి. వీపు వెనక ఉండాల్సిన సూర్యుడు మొహానికెదురుగా ఉన్నాడు. పైన్ చెట్ల వరసకు అవతల మరో వాలు ఉంది. అక్కడ వెలుతురు పెళ్లి పందిట్లో ఉన్నట్టుంది. ఇక్కడ మాటిచ్చాడు, అక్కడ ఫొటో ఉంది. "కొండంతా ఒకటేగా, అటూ దిగుతుందిలే" అని తనకు తనే సర్దిచెప్పుకుని, మోకాళ్ల లోతు మంచులో పడుతూ లేస్తూ చెట్లు దాటి పోయాడు.

పోయిన కాసేపటికే పైనుంచి ఒక పసుపు కోటు దిగింది. తలకు హెల్మెట్, కళ్లకు గాగుల్స్, మెడ నుంచి ముక్కు దాకా గుడ్డ. షారన్ అంత ఎత్తు, అంతే సన్నం. ఆ మనిషి ఒక పక్కకు వాలిందంటే చేతి గ్లవ్ మంచును నిమిరింది. రెండో పక్కకు వాలిందంటే మంచు పొడి తెరలా లేచింది. వెనక గీత చూస్తే దారంలా ఉంది. జోసఫ్ మీట నొక్కి పట్టాడు. నా కూతురు, నా కన్నకూతురు అనుకున్నాడు.

"షారనూ! అద్దిరిపోయిందే!" అని ఒక్క కేక పెట్టాడు.

ఆ కేక వినగానే పసుపు కోటు ఒక్కసారి తడబడి, వెంటనే నిటారుగా సర్దుకుని, రెట్టింపు వేగంతో చెట్ల చాటుకు మాయమైంది. పిల్ల సిగ్గుపడిందనుకున్నాడు.

ఫొటో చూసుకుంటే తీసింది తనేనా అని తనకే అనుమానం వచ్చింది. మంచు తెల్లగా ఉంది, కోటు పసుపుపచ్చగా ఉంది, మనిషి గాలికీ నేలకీ మధ్య వాలి ఉంది. వెంటనే ఫోన్‌లోకి ఎక్కించి గ్రూపులో పెట్టాడు. "మా షారన్. దీన్నే కార్వింగ్ అంటారు" అని రాశాడు. హల్లెలూయలు, ఆమెన్‌లు, చప్పట్ల బొమ్మలు వర్షంలా కురిశాయి. మోహన్ కూడా ఒక బొటనవేలు పంపాడు. ఆ బొటనవేలును జోసఫ్ చాలాసేపు చూసుకున్నాడు. పాస్టర్ గారు ఫోనే చేశారు.

"బ్రదర్, దేవునికి స్తోత్రం! ఇదే కవర్. 'మన సంఘ యువత, షారన్' అని పేరు కూడా పెట్టి విజయవాడ పంపించేశా."

గాల్లో తేలుతూ జోసఫ్ లాడ్జికి చేరాడు. సంఘమంతా భోజనాలకు చేరింది. బల్ల వెనక దేవకుమారి ఎవరివంకా చూడకుండా పేపర్ ప్లేట్లలో బిర్యానీ పెడుతోంది. ఆంటీలందరూ షారన్‌ను చుట్టుముట్టి బుగ్గలు లాగుతున్నారు. ఆ పిల్ల మాత్రం ఫోన్‌లో ఫొటో చూస్తూ బిగుసుకుపోయి నిలబడింది.

"డాడీ. ఇది నేను కాదు."

"అదేంటమ్మా, నువ్వే కదా?"

"చూడు. ఈ పర్సన్‌కి రైట్ ఫుట్ ముందు ఉంది. నాకు ఎప్పుడూ లెఫ్ట్ ఫుట్ ముందు." షారన్ ఫోన్ తండ్రి ముందు పెట్టింది. "నువ్వు ఫెన్స్ దగ్గర లేవు. నేను సిక్స్ టైమ్స్ వచ్చాను. ఎవ్రీ టైమ్ నీ కోసం చూశాను. ఎవరినో తీసి, నా నేమ్ పెట్టావ్."

జోసఫ్ ఫొటోను పెద్దది చేసి చూశాడు, కుడికాలే ముందుంది. మూడేళ్ల తర్వాత చూడ్డానికొచ్చి, తన పిల్లను వదిలేసి ఎవరి పిల్లనో చూసి మురిసిపోయాడు. అంతకంటే ఘోరం, ఆ ముక్క పక్కనున్నవాళ్లందరూ విన్నారు.

"అయితే ఎవరది?" అన్నారు పాస్టర్ గారు, ఫోన్ తీస్తూ. "ప్రెస్సాయన ఇప్పుడే మెసేజ్ పెట్టాడు, రాత్రంతా మెషిన్ నడుపుతాడట. పేరు తప్పు పడితే సంవత్సరమంతా గోడ మీద అబద్ధం వేలాడుతుంది!"

"ఎవరేంటండీ, మా వాడే అయ్యుంటాడు" అన్నాడు మోహన్, ఛాతీ ముందుకు తెచ్చి.

"నో డాడీ" అన్నాడు వాళ్లబ్బాయి, నోటినిండా చికెన్ ముక్కతో. "నేను లిఫ్ట్ దగ్గరే పడ్డా. ఇంకా పైకి వెళ్లలేదు."

ఇంకో ఇద్దరు తల్లులు తమ పిల్లలేనన్నారు. ఒక పెద్దాయన తనే కావచ్చన్నాడు కానీ, ఆయన భార్య నమ్మలేదు. చివరికి షారనే ఉపాయం చెప్పింది. కొత్తగా నేర్చుకునేవాళ్లను టీచర్ వెనకనుంచి మెల్లగా తోస్తాడట. పడకుండా ఏ కాలు ముందుకు వేస్తే, బోర్డు మీద ఆ కాలే ముందుంటుందట.

అంతే, పసుపు కోట్లన్నీ వరసలో నిలబడ్డాయి. షారన్ ఒక్కొక్కరినీ వెనకనుంచి తోసుకుంటూ వచ్చింది. ఎడమ, ఎడమ, ఎడమ. పాస్టర్ గారు ఏ కాలూ వేయకుండా నిట్టనిలువునా పెరుగుచట్నీ గిన్నె మీదికి వెళ్లబోతే ఇద్దరు సంఘ పెద్దలు రెక్కలు పట్టి ఆపారు. లాడ్జిలో ఉన్న అమెరికన్లు ఇదేదో ప్రార్థనా పద్ధతి అనుకుని గౌరవంగా టోపీలు తీశారు. కుడికాలు వేసినవాళ్లు ఇద్దరు తేలారు. ఒకరు నెలల పాప తల్లి, రెండోవారు మందు వేసుకోవడం మర్చిపోయిన బీపీ పేషెంటు.

"ఇంకెవరూ లేరా?"

"మమ్మీ ఉంది" అంది షారన్.

"నేనెందుకే? నాకు పనుంది. చేతిలో బిర్యానీ ఉంది, తొయ్యకు, ఏయ్!"

షారన్ అప్పటికే తల్లిని బల్ల వెనకనుంచి ఇవతలికి లాగి, వీపు మీద చెయ్యి వేసి తోసింది. దేవకుమారి కుడికాలు ముందుకు పడింది. అందరూ నవ్వారు. జోసఫ్ మాత్రం ఆ కాలి వంక చూశాడు. ఆ కాలికి స్నోబోర్డు బూటు ఉంది. బూటు మడతలో మంచు ఇంకా కరగలేదు.

"దేవకుమారీ!" అన్నాడు.

ఆమె గరిటె కింద పెట్టింది. "సరేనండీ, నేనే. మొదటి ఏడాది ఈ పిల్ల క్లాసు అయ్యేదాకా కార్లో హీటర్ వేసుకుని ప్రసంగాలు విన్నా. రెండో ఏడు ప్రసంగాలు అయిపోయాయి. టికెట్ కౌంటర్ అమ్మాయి, పెద్దవాళ్ల క్లాసు ఉంది రండి అంది. వెళ్లా."

"మరి మోకాళ్ల నొప్పులు?"

"అందుకేగా వచ్చాయి!"

"మమ్మీ, నాకు కూడా చెప్పలేదు?" షారన్ నోరు తెరిచేసింది.

"నీ క్లాసు పైన, నాది ఇటు పక్క. ఇక ఈయనకు చెబితే ఆఫీసులో, కూరగాయల కొట్లో చాటించేస్తారు. ఇంకొంచెం బాగా వచ్చాక చెబుదామనుకున్నా."

"ఇంకా బాగా రావాలా!" అని అరిచాడు జోసఫ్. "మరి పిలిస్తే పారిపోయావేం?"

"ఫెన్స్ దగ్గర ఉంటారని నమ్మి ఇటు దిగితే, ఎదురుగా మీరూ ఆ ఫిరంగీనూ! నా గుండె ఆగినంత పనైంది."

జోసఫ్‌కు కోపం రావాలి. రాలేదు. నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్లు చెమర్చాయి. ఇరవై ఏళ్లుగా పక్కనే ఉన్న మనిషి మంచు మీద అలా వాలగలదని తనకు తెలియదు. చూసీ చూడగానే పొంగిన ఆ గర్వం మాత్రం మనిషిని పొరబడిందే తప్ప ఇంటిని పొరబడలేదు. కుర్చీ మీద నిలబడ్డాడు. టోపీలు తీసిన అమెరికన్లందరికీ ఫోన్ ఎత్తి చూపించి, "దట్ ఈజ్ మై వైఫ్!" అని కేకేశాడు. వాళ్లు చప్పట్లు కొట్టారు.

పాస్టర్ గారు అప్పటికే విజయవాడకు ఫోన్ కలిపారు. "పేరు మార్చండి బాబూ. సిస్టర్ దేవకుమారి అని వేయండి... వయసా? నలభై నాలుగట... అవును, యూత్ అనే చెప్పాను. యూతే."

కుర్చీ దిగాక జోసఫ్‌కు షారన్ మొహం కనబడింది. నవ్వుతోంది కానీ ఎక్కడో వెలితి. వచ్చిన పని ఇంకా అలాగే ఉంది. దగ్గరికి వెళ్లి చెయ్యి పట్టుకున్నాడు.

"తప్పు నాదే తల్లీ. మాటిచ్చి వెలుతురు కోసం పరుగెత్తా. ఇప్పుడు ఫెన్స్ దగ్గర నిలబడతా. చీకటి పడినా సరే, కదిలితే ఒట్టు."

"మమ్మీ కూడా వస్తుంది. టుగెదర్."

నిలబడ్డాడు. ఎండ కళ్లలోనే కొట్టింది. తల్లీకూతుళ్లు పైనుంచి పక్కపక్కనే దిగారు. ఒకరు అటు వాలితే ఒకరు ఇటు, ఇద్దరి గీతలూ జడ అల్లినట్టు పెనవేసుకున్నాయి. షారన్ చివరి మలుపులో తండ్రి మీదికి మంచు ఎగజిమ్మి మరీ ఆగింది. జోసఫ్ అంత మంచులోనూ కెమెరా దించలేదు.

ఫొటోలో ఎండకెదురుగా రెండు నల్లటి నీడలు తప్ప మొహాలేవీ లేవు. షారన్ తెర మీదికి వంగింది.

"ఇందులో నేనెవరు, డాడీ?"

"ఎడమకాలు ముందున్నది నువ్వు" అన్నాడు, తడుముకోకుండా. షారన్ అతని భుజం మీద తల ఆనించింది. ఏడాదికో నాలుగు మాటలు మాట్లాడే వయసులో అది చాలా పెద్ద బహుమతి.

తిరుగు ప్రయాణంలో దేవకుమారి ఒక్క షరతు పెట్టింది. భీమవరంలో వాళ్లమ్మకు తెలిస్తే ఫోన్‌లోనే ప్రాణం తీస్తుంది కాబట్టి, ఈ సంగతి అమెరికా దాటకూడదు. జోసఫ్ సరేనన్నాడు. షారన్ సరేనంది. పాస్టర్ గారు కూడా గ్రూపులో అందరిచేతా సరేననిపించారు. విజయవాడ ప్రెస్సాయనది భీమవరమేనన్న సంగతి ఎవరికీ తట్టలేదు.