రాజుగారు కూర్చున్న రాయి

భూమ్మీద రాజవంశాలన్నీ అంతరించిపోయాయి, మాదొక్కటి తప్ప! ఈ సంగతి పాఠ్యపుస్తకాల్లో లేకపోవడం వాటి లోపం. నైలు నది నడుమ మా లంకలో ఎవర్ని అడిగినా చెబుతారు. నన్నయితే అడగనక్కర్లేదు, నేనే చెబుతాను.

రాజ్యం ఉండేది లంక ఉత్తరపు కొసన, మట్టి ఇటుకల కోటలో. కోటంటే మరీ పెద్దదేం కాదు. టీ పొయ్యి మీద పెట్టి బయల్దేరితే పొంగేలోపు చుట్టి రావచ్చు. గోడలు చాలావరకు మా పెద్దలే తవ్వుకెళ్ళి చిక్కుడు మళ్ళకు ఎరువుగా వేశారు. పాత మట్టికి సారం ఎక్కువ. ఆ లెక్కన మా లంకలో ప్రతివాడి కడుపులోనూ కాస్తో కూస్తో కోట ఉంది. సింహాసనం మాత్రం మా ఇంట్లోనే ఉంది.

నల్లరాయి. మూరెడు వెడల్పు, దానికి రెండింతల పొడవు. మా మామగారి తాత దాన్ని కోటలోంచి మోసుకొచ్చాడు. మధ్యలో నున్నగా అరిగి గుంట పడింది. ఎన్ని తరాల రాజులు కూర్చుంటే రాయి అలా అరగాలి! ఇంతకన్నా రుజువేం కావాలి? మా వంశపు పెళ్ళికొడుకు పెళ్ళినాటి పొద్దున దానిమీద కూర్చోవాలి. ఆడవాళ్ళు కూర్చోకూడదు. తోమవచ్చు. రాయి ముందుకు వాలి ఉంటుంది గనక కూర్చున్నవాడు జారుతుంటాడు. ప్రజల మొర వినడానికి రాజు ముందుకు వంగి ఉండాలి కదా, అందుకే అలా చెక్కారని మా పెద్దలు చెప్పారు. మా పెళ్ళినాడు మా ఆయన దానిమీంచి జారి బోర్లా పడ్డాడు. అది పూర్వీకులకు చేసిన వందనమని అందరూ ఒప్పుకున్నారు.

ఆయన పోయాక పెద్దవాళ్ళ బడిలో చేరి అక్షరాలు నేర్చుకున్నాను. నాతో చదివినవాళ్ళు మొట్టమొదట కొడుకులకు ఉత్తరాలు రాసుకున్నారు. నేను బోర్డు రాశాను: "ఇది రాజుగారి సింహాసనం. తాకరాదు." దాన్ని రాయి పక్కన నిలబెట్టి, రాయి మీద పూల దుప్పటి కప్పాను.

అలాంటి ఇంటి మనవరాలు షాయా, పడవ నడిపే సమీల్‌ను చేసుకుంటానంది!

"వాళ్ళు నిన్నగాక మొన్న లంకకొచ్చినవాళ్ళే!" అన్నాను.

"రెండొందల ఏళ్ళయింది నానమ్మా!"

"అదే, నిన్నగాక మొన్న."

"నాకు నచ్చాడు."

"నాకూ నచ్చాడే. రాయికి నచ్చొద్దూ?"

సమీల్ తల్లి అష్రియా ఖర్జూరాల బుట్ట నెత్తిన పెట్టుకుని సంబంధం అడగడానికి వచ్చింది. ఆ రాయి మీద కూర్చునే అర్హత లేనివాడు మా ఇంట్లోనూ కూర్చోలేడని చెప్పేశాను.

"కూర్చోడులే దహీబా వదినా. నిలబడే చేసుకుంటాడు పెళ్ళి," అంది.

"ఎగతాళా?"

"రాజుల్తో ఎగతాళేంటి వదినా! నిన్న మీ మేకలు మా చిక్కుడు మడిలో పడ్డాయి. శిస్తు వసూలుకొచ్చాయనుకుని ఊరుకున్నాను కూడాను."

బుట్ట మళ్ళీ నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి షాయా నాతో మాటలు మానేసింది. రొట్టె కాల్చి నా ముందు పెట్టేది. "తిను" అని రాయితో చెప్పేది. ఇంట్లో ఉన్నదే మేమిద్దరం.

సరిగ్గా అప్పుడే కోట తవ్వడానికి ఖార్తూమ్ నుంచి డాక్టర్ ఇల్హామ్ దిగింది. మందులిచ్చే డాక్టరు కాదని తెలిశాక కూడా మా బావగారు హసబల్లా ఆమెకు తన మోకాళ్ళ నొప్పులు చెప్పుకున్నాడు. వంశానికి పెద్ద గనక స్వాగతోపన్యాసమూ ఆయనే ఇచ్చాడు. "మహారాజుల తరఫునా, మా తరఫునా..." అని, రెండూ ఒకటేనని అర్థమయ్యేలా దగ్గాడు.

రోజూ సాయంత్రం అందరం తవ్విన గుంట గట్టున చేరేవాళ్ళం.

"బంగారం పడిందా అమ్మా?"

"మేక ఎముకలండీ."

మర్నాడు పొయ్యి బయటపడింది. ఆ మర్నాడు ఖర్జూరపు గింజలు, పగిలిన కుండ, మేక.

"మళ్ళీ మేకేనా!" అని అష్రియా పకపకా నవ్వింది.

"రాజుగారి మేక," అన్నాను.

ఇక లాభం లేదని డాక్టరమ్మను ఇంటికి పిలిచాను. ఆమె నోట 'సింహాసనం' అన్న మాట వస్తే అష్రియా నోరు మూతపడుతుంది, షాయా మనసు మళ్ళుతుంది. సాక్ష్యానికి ఊరంతా రావాలని కబురంపాను. అష్రియాకు మరీ మరీ చెప్పించాను.

ముంగిలి నిండిపోయింది. హసబల్లా బావగారు దుప్పటి లాగాడు. డాక్టరమ్మ రాయిని చూసి, కళ్ళు పెద్దవి చేసి, మోకాళ్ళ మీద కూలబడింది!

"చూశారా! ఖార్తూమ్ మోకరిల్లింది!" అని కేకేశాడు బావగారు.

ఆమె మోకాళ్ళ మీదే రాయి ఎత్తు కొసకు జరిగి, రెండు చేతులూ గుంటలో ఆనించి, ముందుకూ వెనక్కీ ఊగింది. మరమిల్లు రాకముందు మా అమ్మ ఇంట్లో నేనూ అలాగే ఊగేదాన్ని! అదే వాలు, అదే గుంట. ఇన్నేళ్ళు తోమి కూడా గుర్తుపట్టలేదు. రాజబంధువుల మోకాళ్ళు కదా, అలాంటివి వాటికి గుర్తుండవు!

"ఎంత చక్కటి సన్నికల్లు!" అంది డాక్టరమ్మ. "ఎంతమంది ఆడవాళ్ళు పిండి నూరితే ఇలా అరిగిందో!"

తన మూడు పెళ్ళిళ్ళకూ బావగారు దానిమీదే కూర్చున్నాడు.

"పోనీ, రాజుగారి పిండేనా?" అనడిగాడు నీరసంగా.

"ఇక్కడ రాజెవరూ లేరండీ. నది మీద దోపిడీగాళ్ళు వచ్చినప్పుడు రెండు గట్ల జనమూ మేకలతో సహా పడవలెక్కి వచ్చి ఆ కోట గోడల వెనక తలదాచుకునేవాళ్ళు. అంతే."

అప్పుడు షాయా నవ్వింది. ఎన్నాళ్ళకు విన్నానో ఆ నవ్వు! నాకూ నవ్వాగలేదు. అందరమూ మేకను చంకన పెట్టుకుని పరిగెత్తుకొచ్చినవాళ్ళమే అయితే ఇంకా పేచీ ఎక్కడుంది? పెళ్ళి మాట ఎత్తుదామని అష్రియా వైపు తిరిగాను.

అష్రియా నవ్వడం లేదు. ఆలోచిస్తోంది.

"పడవలెక్కి వచ్చారన్నావు కదమ్మా," అంది డాక్టరమ్మతో. "మరి ఆ పడవలు నడిపిందెవరు?"

"తెలీదండీ. ఎవరో పడవవాళ్ళు."

అష్రియా నడుము నిటారైంది.

మర్నాడు ఖర్జూరాల బుట్ట నా నెత్తి మీదికొచ్చింది. షాయాను వెంటబెట్టుకుని వాళ్ళింటికెళ్ళాను. అష్రియా నులకమంచం మీంచి లేవలేదు.

"కూర్చో వదినా. సంబంధమంటే తొందరపడితే ఎలా? మా వాళ్ళు దాటించకపోతే మీ వంశమే లేదు. మా సమీల్‌కి తగిన ఇల్లు చూసుకోవాలా వద్దా?"

"నిన్నటిదాకా మీరొచ్చి రెండొందల ఏళ్ళేగా!"

"అది మళ్ళీ రావడం. మొదట రావడం వేరు."

గోడకు పొడుగ్గా ఏదో తగిలించి, మీద పూల దుప్పటి కప్పి ఉంది. ఆమె మెల్లగా లేచి దుప్పటి తీసింది.

"మా ముత్తాతల తెడ్డు. కోటకు జనాన్ని దాటించింది దీనితోనే."

భక్తిగా నిమిరాను. టీ డికాక్షన్ వాసన కొట్టింది. వేళ్ళకు తడిగా రంగు అంటింది. గుమ్మం వెనక సమీల్ తల వంచుకుని, టీ రంగంటిన చేతుల్ని జేబుల్లో దాచుకున్నాడు. షాయా నా మోచెయ్యి గట్టిగా నొక్కింది.

"అబ్బో! ఎంత పాతదో!" అన్నాను.

అష్రియా మెత్తబడింది. బుట్టలోంచి ఒక ఖర్జూరం తీసి నోట్లో వేసుకుంది.

"అక్షరాలొచ్చినదానివి వదినా, దీనికీ ఒక బోర్డు రాసిపెట్టు."

అలా పెళ్ళి కుదిరింది. మళ్ళీ కొత్త చెక్కెందుకని మా పాత బోర్డునే వెనక్కి తిప్పి రాశాను. "తాకరాదు" అన్న మాట మరింత పెద్దగా రాశాను. రంగు ఇంకా ఆరలేదు మరి!