పెరటి గ్రిల్లు, అత్తయ్యగారి పీట

మీ ఇంట్లో వంటింటి గడప తొక్కని మగవాడు ఉన్నాడా? అయితే ఆలస్యం చేయకండి. ప్రొపేన్ గ్యాస్‌తో నడిచే గ్రిల్లు ఒకటి కొని పెరట్లో పెట్టించండి. సంసారాన్ని చక్కబెట్టడంలో దాన్ని మించిన సాధనం ఇంతవరకూ పుట్టలేదని ఘంటాపథంగా చెబుతున్నాను!

నవ్వకండి. అనుభవం మీద చెబుతున్న మాట ఇది. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో మా వారు వంటింట్లోకి వచ్చింది మంచినీళ్ల కోసం, లేదంటే "ఇంకా కాలేదా?" అని అడగడం కోసం. అలాంటి మనిషి ఇప్పుడు ప్రతి ఆదివారం ఏప్రాన్ కట్టుకుని తిరుగుతున్నారు. దాని మీద పెద్ద అక్షరాలతో "చెఫ్" అని కూడా ఉంది.

నా పని ఎంత తగ్గిపోయిందో చెబితే మీకు కన్నుకుడుతుంది. చికెన్ కడిగి, ముక్కలు కోసి, ఉప్పూ కారం పట్టించి, పుల్లలకు గుచ్చి, పళ్లెంలో సర్ది చేతికందిస్తే చాలు. ఆ తర్వాత వంటంతా ఆయనదే. అంటే, తిరగేస్తారు. జాలీకి అంటిన మాడు గీకడం, గిన్నెలు తోమడం వంట కిందికి రావు కాబట్టి వాటి ఊసెత్తడం మర్యాద కాదు.

గ్రిల్లుతో పాటు ఒక చిన్న పుస్తకం వచ్చింది. గ్రిల్లు కాలు ఊగుతోందని మా వారు దాన్ని మడిచి కాలి కింద పెట్టారు. పుస్తకాన్ని అంత చక్కగా వాడుకునేవాళ్లు ఎంతమంది ఉంటారు చెప్పండి! కాకపోతే ఆయన దాన్ని మడిచేలోపే నేను చదివేశాను. అదే నేను చేసిన తప్పు.

ఇక నా నోరు ఊరుకుంటుందా? "ఏమండీ, గోడకు దూరంగా జరపండి." "ఏమండీ, మూత తెరిచి వెలిగించండి. మూసి ఉంటే లోపల గ్యాస్ నిండిపోతుందట." "ఏమండీ, వాన పడుతోందని కారు షెడ్డులోకి లాగకండి. పైన కప్పున్న చోట వెలిగించకూడదట." "ఏమండీ, ముందు ట్యూబు బిగింపుల దగ్గర సబ్బునీళ్లు రాసి చూడండి. బుడగలొస్తే లీకున్నట్టే."

అన్నిటికీ ఆయనది ఒకటే జవాబు. "నీ చాదస్తం వంటింట్లో చూపించుకో. ఇది ఆరుబయట. లీకైనా గాలికి పోతుంది. అయినా నా ముక్కుండగా సబ్బునీళ్లెందుకు?"

మొన్నొక ఆదివారం ఆ ముక్కుకు జలుబు చేసింది.

ఆ రోజు మా చెల్లెలు, మరిది పిల్లలతో భోజనానికి వచ్చారు. పిల్లలిద్దరూ గ్రిల్లు చుట్టూ పరుగులు తీస్తున్నారు. మా వారు సిలిండర్ వాల్వు తిప్పారు గానీ వెలిగించలేదు. ముందు తోడల్లుడికి గ్రిల్లు గొప్పతనం గురించి ఉపన్యాసం ఇవ్వాలి కదా!

మా అత్తయ్యగారు మూడడుగుల దూరంలో పీట మీద కూర్చుని మొక్కజొన్న పొత్తులు ఒలుస్తున్నారు. "ఒరేయ్, వాసనొస్తోందిరా" అన్నారు.

"అమ్మా, నీకెప్పుడూ ఏదో ఒక వాసనే! నాకేం రావట్లేదే?" అన్నారు మా వారు, ఒక తుమ్ము తుమ్మి.

అత్తయ్యగారి ముక్కు మీద మా ఇంట్లో జోకులకు కొదవ లేదు. నేనూ వెనకాల నవ్వినదాన్నే. కానీ ఆ చిన్న పుస్తకంలో ఇంకో మాట ఉంది. ఈ గ్యాస్ గాలికంటే బరువట. లీకైతే పైకి పోదు, నేల మీదే పరుచుకుంటుందట. మా వారి ముక్కు దాదాపు ఆరడుగుల ఎత్తున ఉంది. అత్తయ్యగారి ముక్కు పీట మీద ఉంది.

మా వారి బొటనవేలు వెలిగించే బటన్ మీద ఉంది, ఆ పక్కనే చెల్లెలి చిన్నకూతురు! "నొక్కకండి!" అని అరిచి, వెళ్లి వాల్వు కట్టేశాను. పిల్లల్ని, అత్తయ్యగారిని, అందరినీ వీధి గేటు దాకా తోలుకుపోయాను.

వాసన పూర్తిగా పోయాక వాల్వు కాస్త తెరిచి ట్యూబు మీద సబ్బునీళ్లు పోశాను. బుడగలు పొంగుకొచ్చాయి! వెంటనే కట్టేశాను. మర్నాడు గ్యాస్ షాపు మెకానిక్ వచ్చి, ట్యూబు పగిలిందని చెప్పి కొత్తది వేశాడు.

ఇక మా వారిలో వచ్చిన మార్పు చూడాలి! ఆ వారమంతా ఫోన్‌లో అందరికీ "నాకు ముందునుంచీ అనుమానంగానే ఉంది" అని చెబుతూనే ఉన్నారు. మళ్లీ ఆదివారానికి పెరటి గోడకు ఒక అట్ట వేలాడింది. "గ్రిల్లు సేఫ్టీ నియమాలు." గోడకు దూరం, మూత, కప్పు, సబ్బునీళ్లు, అన్నీ ఉన్నాయి. కింద ఆయన సంతకం.

మా మరిది దాన్ని ఫొటో తీసుకున్నాడు. "అన్నయ్యగారూ, సేఫ్టీ విషయంలో మీ తర్వాతే ఎవరైనా!" అన్నాడు. అత్తయ్యగారి పీటకు కూడా గ్రిల్లు దగ్గర పర్మనెంట్ చోటు దొరికింది. "ఈ వయసులో నా ముక్కుకు ఉద్యోగం వచ్చిందే" అని ఆవిడ మురిసిపోయారు.

చూశారా, గ్రిల్లు వల్ల ఎన్ని లాభాలో!

ఆ సాయంత్రమే అందరం చుట్టాలమ్మాయి పెళ్లిచూపులకు బయల్దేరాం. అందరూ కారెక్కారు. ఎప్పటిలాగే నేను వెనక్కి వెళ్లి వంటింట్లో పొయ్యి కట్టేశానో లేదో, రెగ్యులేటర్ తిప్పానో లేదో చూస్తున్నాను. బయట మా వారు హారన్ మోగించారు.

"ఎన్నిసార్లు చూస్తావు? ఉత్త చాదస్తం!"

అందుకే ఒక నిర్ణయానికొచ్చాను. వంటింటి పొయ్యిని కూడా పెరట్లోకి మార్పించేస్తాను. ఇరవై ఆరేళ్లుగా నేను చేస్తున్న పనిని అక్కడైతే సేఫ్టీ అంటారు.