ప్యాకెట్లో వచ్చిన అడవి

అడవి పెంచాలంటే ముందు అడవిని కొట్టెయ్యాలి! నవ్వకండి. ఇది నేను కనిపెట్టింది కాదు. చీపురుపల్లి పక్కన మా కొండ మీద నడుస్తున్న శాస్త్రం.

ఆ కొండ ముప్పాతిక బోడి. మళ్లీ అడవి పెంచుతామని ఆఫీసరుగారొచ్చారు. ఆయనతోపాటు బాక్టీరియా ప్యాకెట్లూ వచ్చాయి. రోగాల బాక్టీరియా కాదండీ, మంచిది! వేళ్ల దగ్గర చేరి, గాలిలో నత్రజనిని పట్టి మొక్కకి తినిపిస్తుందట. మీ ఇంట్లో మీకెవరైనా అలా తినిపిస్తున్నారా?

ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి నేను. అయినా ఆ జీవి అంటే గౌరవం పుట్టుకొచ్చింది. కంటికి కనపడదు. నోరు లేదు. అర్జీ పెట్టదు. తహసీల్దారు ఆఫీసు ముందు టెంటు వెయ్యదు. ప్రజలంతా ఇలాగే ఉంటే పరిపాలన ఎంత సుఖం!

కాకపోతే చిన్న చిక్కు. ప్యాకెట్టు మీద 'చల్లని చోట ఉంచండి' అని రాసుంది. మే నెలంతా రేకుల షెడ్డులో పడేశారు. లోపలి ప్రాణులన్నీ వేగి చచ్చాయి. అయితే ఏం? చచ్చిన వాటినే గోతుల్లో వేస్తున్నారు. పని చెయ్యకపోయినా హాజరు పడడం మనకి కొత్తా?

ఈ సైన్సుకి మా జగ్గమ్మ అడ్డం. ముప్పయ్యేళ్లుగా మొక్కలు నాటే కూలి. కొండ నెత్తిన మిగిలిన తుప్పల్లోంచి గంపెడు నల్లమట్టి తెచ్చి, గోతికో పిడికెడు వేస్తే గానీ మొక్క పెట్టదు. నిరుటి ఎండకి ఆ పిడికెడు పడ్డ మొక్కలే బతికాయి. 'ఆ మురికి మట్టి వెయ్యొద్దు' అన్నారు ఆఫీసరు.

"ప్యాకెట్లో ఉన్నదేటి బాబూ?"

"మంచి బాక్టీరియా అమ్మా."

"ఎక్కడ పుట్టినాది?"

"అడవి మట్టిలోంచే తీస్తారు."

"మరి నా గంపలోదేటి, మీ అత్తోరింటి పేడా?"

జవాబుకి బదులు ఆర్డరు వచ్చింది. సోమవారం ఆ తుప్పల్ని జేసీబీతో చదును చేస్తారట! మొక్కలు నాటే సభకి పెద్దలొస్తారు, వాళ్ల కార్లు పైకెక్కాలి. ఫొటోలో కొండ ఖాళీగా పడాలి. ముందు పూర్తిగా బోడి చేస్తేనే కదా, పచ్చగా చేశామని చెప్పుకోడం!

బాక్టీరియాకి నేను శత్రువుని కాను. బతికున్నది తెచ్చి వెయ్యండి, జగ్గమ్మే కలిపి పెడతాది. కానీ తల్లిని గెంటేసి బిడ్డకి డబ్బాపాలు పట్టడమేటి? అదీ విరిగిన పాలు!

సోమవారం పొద్దున్నే తుప్పలకి అడ్డంగా గంప బోర్లించి కూకుంటానంది జగ్గమ్మ. "జేసీబీ తోలీది మా గంగులే కదేటి. మేనత్త మీదకి బండెలా తోల్తాడో సూత్తాను."

పక్కన నేనుంటాను. మీరూ రండి. కంటికి కనపడేవాళ్లు, నోరున్నవాళ్లు మాత్రమే రండి!