శనివారపు పీరియడు సంరక్షణ మహాసంగ్రామము

బంగాళాఖాత తరంగహస్త పరామృష్ట సైకతసీమయందు, వాకాటికి తూర్పున, రొయ్యల గుంటలలో నీటిని చిలుకు యంత్రములు రణభేరులవలె మ్రోయుచుండగా, మధ్యాహ్న భోజనపు సాంబారన్నమును కోడిగుడ్డును ఏకమై పదవ తరగతి బి సెక్షన్ కనురెప్పలపై దండెత్తిన ఒకానొక శనివారమున, చివరి పీరియడు గంట ఘణఘణ మ్రోగెను. ఆ ధ్వనికి సగము మంది మేల్కొనిరి.

అంతట, చిట్టమూరి వరిపొలములలో పుట్టి, ఛందస్సమరములలో ఆరితేరి, సుద్దముక్కయే ఖడ్గముగా, హాజరుపట్టీయే డాలుగా ధరించిన తెలుగు పండితుడు పెంచలకృష్ణ, ఫ్యాను తిరుగని ఆ రణరంగమును ప్రవేశించెను. వీరుడే గాని, అతడు నేడు మాటిమాటికి గడియారమువంక చూచుచుండెను. ఏలన, గణితశాస్త్ర విశారదయు, ఆ పాఠశాలకు ప్రధానోపాధ్యాయినియు నగు ఎలిశబెతు మేడం ఆ ఉదయముననే శాసనము చేసియుండెను.

"నెల నుంచీ కవిత్వం కవిత్వం అంటా ఉండారు సార్. ఈరోజు బెల్లు కొట్టేలోగా పిల్లలు సొంతంగా రాసింది ఒక్కటి చూపించండి. లేదంటే వచ్చే వారం నుంచి ఆ శనివారం కవిత్వం పీరియడు లెక్కలకి ఇచ్చేస్తా."

పాపము, ఆ పీరియడు తప్పితే పండితునకు వారమంతయు వ్యాకరణమే.

"బాలవీరులారా!" యని అతడు గర్జించెను. "కలములను ఒరలనుండి దూయుడు! మీ ప్రతి కవితకును ద్వారపాలకుడై నిలిచి, సొంతమాటను లోనికి రానీయని 'ఓ' అను ఆ దురాత్ముని నేడు తెగటార్పక ఇల్లు చేరుట కల్ల!"

ఆ దురాత్ముని బలము అపారము. 'ఓ సముద్రమా', 'ఓ వెన్నెలా', 'ఓ మాతృమూర్తీ' యని కాగితములు వెల్లువెత్తెను. ప్రతి కాగితమునందును సముద్రము నీలముగా నుండెను. కిటికీ ఆవలి సముద్రము మాత్రము బురదరంగున నుండి, ఎండుచేపల వాసన పంపుచుండెను. చివరి బెంచీ చక్రవర్తి కిషోర్ మహాసాహసియై 'ఓ పీతా' యని వ్రాసి తెచ్చెను. దాని క్రింద ఏమియు లేదు.

"ఇదేందిరా?"

"అందరూ సముద్రాన్నే పిలస్తా ఉండారు సార్. పీతని ఎవురూ పిలవలేదని..."

"పిలిచి?"

"పిలిచినాక ఏం చెప్పాల్నో తెలీలేదు సార్."

గంట కొట్టు వేళ సమీపించెను. పండితుడు అమ్ములపొదిలోని కడపటి అస్త్రమును వెలికిదీసి, తెల్లకాగితము ముందర దిగులుగా కూర్చున్న గంగాభవానిపై ఎక్కుపెట్టెను. ఆమె తండ్రి పడవ మీద వేటకు పోవువాడు.

"సాగరపుత్రికా! ఉత్తుంగ తరంగముల మీదికి తరలు నీ జనకుని, తీరమున నిలిచి నీవేమని ప్రశ్నింతువు? ఆ ప్రశ్ననే కవితగా సంధింపుము!"

"అడగం సార్."

"ఏమి! అడుగరా?"

"వేటకి పోయేటోళ్ళని ఎప్పుడొస్తావని అడగకూడదంట. మా అవ్వ కూడా అడగదు."

పండితుని సమాసములన్నియు చెల్లాచెదరయ్యెను.

"మరేం చేస్తారమ్మా?" అని మామూలు మనిషివలె అడిగెను.

"ఆయనకి కూడా ఎసరు పెడతాం సార్. రోజూ."

"అదే రాయి."

"అది కవితెట్టా అవుతుంది సార్? ఊరికే మా ఇంట్లో జరిగేదే కదా."

"రాయమ్మా."

ఆమె వ్రాసెను. గంట మ్రోగెను. అట్టి తరుణమున ఎలిశబెతు మేడం కళ్ళజోడు ధరించి, చేయి చాచి, గుమ్మమున నిలిచెను. కాగితమున ఇట్లుండెను:

నాయన వేటకి పోతా ఉంటే
ఎప్పుడొస్తావని అడగం.
పొద్దుగూకినాక
ఆయనకి కూడా ఎసరు పెడతాం.

"ఇంతేనా?" అని మేడం పలికి, మరల మొదటినుండి చదివెను. పిమ్మట, "పీరియడు మీరే ఉంచుకోండి సార్" అని మెల్లగా ననెను. ఆమె పిల్లవైపు తిరిగెను.

"మీ నాయన ఇప్పుడు సముద్రం మీదనే ఉండాడా?"

"ఉండాడు మేడం."

"ఎప్పుడొ..."

అచ్చట ఆగెను. పెదవులు మూసికొని, కాగితమును మడతపడకుండ పిల్ల చేతిలో పెట్టి, "జాగర్తగా పో తల్లీ" అనెను.

వినుడు, అష్టదిక్పాలకులారా! గజతురగములు లేకయే, సుద్దపొడి తప్ప మరేమియు చిందకయే, నాలుగు పంక్తుల సేన ఆ శనివారమున దిగ్విజయము సాధించెను. ఒక హెడ్మాస్టరమ్మ అడుగబోయిన ప్రశ్న అడుగక మానెను.